కనిపించే ముడి

ఏప్రిల్ 12, 1976. పామర్రు

ఇందుమూలముగా సమస్త ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, ఈ డైరీ సమస్త ప్రజానీకానికి కాదు. నాకొక్కదానికే. అమ్మా, కందిపప్పు డబ్బా వెనక దాచినా నువ్వు తీస్తావని తెలుసు. తీస్తే తీశావు, ఇంకో పేజీ తిప్పకు.

నూలు కొట్టువాళ్ళు ఏటా నాన్నకిచ్చే డైరీ ఇది. మూడు నెలల పదకొండు రోజులు ఖాళీగా పోయింది. ఇవాళ చరిత్రకెక్కే సంఘటన జరిగింది కనుక జప్తు చేశాను.

సంఘటన: నాన్న సంతకం పెట్టాడు.

ఫారంలో 'అభ్యర్థి పేరు' అని ఇచ్చిన గీత మీద బాలత్రిపుర వరకే పట్టింది. సుందరి మార్జిన్‌లో పడింది. వయసు ఇరవై ఒకటి. చదువు బి.యస్సీ., ఫలితాలు రావాలి. 'ఇంతవరకు ఎక్కిన అత్యంత ఎత్తయిన ప్రదేశం' అన్నచోట అబద్ధం ఎందుకని, పామర్రు రైసు మిల్లు మేడ అని రాశాను. ఏం చేయను? కృష్ణా డెల్టాలో పుట్టినదాన్ని. ఇక్కడ కాలవ నీళ్ళు కూడా ఎటు పారాలా అని కాసేపు ఆలోచించుకుని గానీ పారవు.

నాన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, నాడె అటూ ఇటూ ఆడించడం ఆపకుండానే విచారణ జరిపాడు.

"పైన ఏముంటుందమ్మా?"

"మంచు నాన్నా."

"తెస్తారా?"

"తీసుకురాం. ఎక్కి, కాసేపు నిలబడి, దిగొస్తాం."

"ఎవరు తీసుకెళ్ళేది?"

"బెజవాడలో పర్వతారోహణ సంఘం పెట్టారు కదా, వెంకటకృష్ణారావు గారని, మిలిటరీలో చేసొచ్చారు. ఆయన లీడరు. అక్కడ కొండల్లో ఒక గైడు ఉంటాడు. వెళ్ళే ఎనిమిది మందిమీ కొత్తవాళ్ళమే. అసలు చేతకానివాళ్ళ కోసమే పెట్టారిది."

"అయితే నిన్ను తీసుకుంటారు," అన్నాడు నాన్న.

అమ్మ వంటింట్లోంచి: "మేడమీద వడియాలు తెమ్మంటే దీనికి మోకాళ్ళ నొప్పులు. హిమాలయాలట!"

అంతవరకూ వాయిదా పడే కేసే. అప్పుడు ఎదురింటి అంకమ్మరావు మామయ్య అరుగు మీదకొచ్చి, "ఎందుకు పాండురంగయ్యా, ఆడపిల్ల, వారంలో ఏడ్చుకుంటూ వచ్చేస్తుంది. ఆ రైలు టిక్కెట్టు దండగ," అన్నాడు. మా నాన్నకి కోపం వస్తే మాట్లాడడు. కలం అడుగుతాడు.

నేనూ ఊరుకోలేదు. వీధిలోకి వెళ్ళి, సాలె పేట పేటంతా వినేలా ప్రకటించాను: శిఖరం మీద కాలు పెట్టకుండా ఈ పేటలో కాలు పెట్టను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకే కొంచెం ఎక్కువైందనిపించింది. కానీ అనేశాను.

ఏప్రిల్ 25. కొండపల్లి

ఆదివారం ఆదివారం ఖిల్లా కొండ మీద శిక్షణ. వీపున పదిహేను కిలోల కృష్ణ ఇసుక, నెత్తిన ఎండ, దారి పొడుగునా తొండలు. మంచు కొండలెక్కడానికి ఇదే సరైన సాధన అని లీడరు గారి సిద్ధాంతం. ఆయన అన్నది కాదనడానికి ఎవరి దగ్గరా ఊపిరి మిగలదు.

మొత్తం ఎనిమిది మందిమీ గొప్పవాళ్ళమే. బసవపున్నయ్య గారని డ్రిల్లు మాస్టారు, ఆయన ఇసుకకి బదులు అరటిపళ్ళు మోస్తాడు, ఎక్కేకొద్దీ బరువు తగ్గుతుందని. ఆడవాళ్ళం ఇద్దరం. రెండో ఆవిడ అమలమ్మ, భవానీపురం. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. నాకంటే ఐదేళ్ళు పెద్ద. పొద్దున్నే మొదటి పూజకి వెళ్ళి, చర్చి నుంచి తిన్నగా కొండకొస్తుంది. నేను అక్కా అంటాను, ఆవిడ ఏమే అంటుంది. ఆవిడ గొంతు మామూలుగా పలకరిస్తేనే కొండ కిందున్న బొమ్మలు చేసేవాళ్ళు తలెత్తి చూస్తారు.

ఇవాళ ముడులు నేర్పారు. ప్రతివాళ్ళూ నడుం చుట్టూ ఒక నైలాను తాడు కట్టుకోవాలి. దానికి కొక్కెం, కొక్కేనికి పెద్ద తాడు. జారితే మనిషి ప్రాణం ఆ నడుం తాడు ముడి మీద ఉంటుంది. కొసలు జానెడేసి వదిలి, లావుపాటి జంట ముడి వేయాలి. లీడరు గారి శాసనాలు రెండు. ఒకటి, ముడి పది గజాల దూరానికి కనపడాలి. రెండు, ఎవరి ముడి వాళ్ళే వేసుకోవాలి.

నా తాడు చూసి ఆయన రెండుసార్లు నా చుట్టూ తిరిగారు.

"ముడి ఎక్కడమ్మా?"

"ఉందండి. కనపడదు."

"కనపడని ముడి నా లెక్కలో లేనట్టే."

అయ్యా సుబేదారు గారూ, నా ఏడో ఏట నుంచి తెగిన పోగులు అతుకుతున్నదాన్ని. పడుగులో రోజుకి వంద పోగులు తెగుతాయి. వంద ముడులూ వేసినట్టు చీరకి కూడా తెలియకూడదని మా నాన్న పెంచాడు. కొసలు వేలాడితే చేతి మీద కొట్టేవాడు. ఇప్పుడు మీరొచ్చి జానెడు కొసలు, జామకాయంత ముడి అంటే నా వేళ్ళు ఒప్పుకోవద్దూ?

యాభైసార్లు వేయించారు. యాభైసార్లు వేశాను. పనస పిందెలా ఉంది. సిగ్గేసింది.

మే 9. రైల్లో

అమ్మ మూడు సీసాల గోంగూర పెట్టింది. బసవపున్నయ్య గారు నాగపూర్ దాటకముందే ఒకటి సమాప్తం చేశారు. అమలక్క ఎదురు బెర్తులో జపమాల తిప్పుతూ మధ్యలో ఆపి, "నీ కాలు తియ్యవే, నా చెప్పుల మీదుంది," అని మళ్ళీ మొదలెట్టింది.

భయం లేదు.

మే 16. కింది క్యాంపు

పన్నెండు వేల అయిదువందల అడుగులు. రైసు మిల్లు మేడ రికార్డు బద్దలైంది.

మేం ఎక్కబోయే శిఖరానికి పేరు లేదట. మ్యాపులో అంకె మాత్రం ఉంది, పదిహేడు వేల ఆరువందలు. పేరున్న వాటిని మాలాంటివాళ్ళకి ఎవరిస్తారు?

గైడు పేరు దోర్జే. నలభై ఏళ్ళుంటాయి, మాటలు తక్కువ. నేను హిందీ పరీక్షలన్నీ పాసయ్యాను గనుక దుబాసీ పదవి నాకిచ్చారు. మొదటి అనువాదం అన్నం గురించి. ఇక్కడ నీళ్ళు మరుగుతాయి, బియ్యం ఉడకదు. పలుకులు పలుకులుగా తింటున్నాం. దోర్జే రొట్టె తినమంటాడు. బసవపున్నయ్య గారు, "రొట్టె తిని కొండెక్కాననిపించుకుంటే మా ఊళ్ళో పరువేం కావాలి?" అని అడగమన్నారు. అడిగాను. దోర్జే ఆయన పొట్ట వంక చూసి నవ్వాడు. ఆ నవ్వు అనువదించలేదు.

తలనొప్పి. అందరికీ ఉంది. నాకు కొద్దిగా తక్కువ.

మే 17

తక్కువేం కాదు.

మే 20

మంచు గోడ మీద సాధన. చలి బాగా ఉంది. అమలక్క జారింది. దెబ్బలు పెద్దవి కావు.

రొట్టెలు. ఆలుగడ్డ కూర.

మే 21

నిన్నటి విషయం సవివరంగా రాయడం చరిత్రకారుల ధర్మం.

అమలక్క గోడ మీద ఇరవై అడుగుల ఎత్తులో ఉండగా పట్టు తప్పింది. పెద్ద తాడు బిగుసుకుంది, కొక్కెం ఆగింది, నడుం తాడు ముడి విడిపోయింది. మనిషి కింది వాలు మీద పడి జారుకుంటూ పోయింది. ఇంకో పాతిక అడుగుల కింద రాళ్ళున్నాయి. దోర్జే అడ్డంగా పడి పట్టుకున్నాడు. ఎడమ మణికట్టు బెణికింది. పక్కటెముకల దగ్గర కమిలింది.

లీడరు గారు ఊపిరి అందకుండా పరిగెత్తుకొచ్చి, "ఎవరు వేశారీ ముడి?" అని అరిచారు.

అమలక్క లేచి కూర్చుని, మంచు దులుపుకుని, "నా నడుముదండీ," అంది.

"సొంత నడుముకి ముడి వేసుకోవడం రాని మనిషిని పైకి తీసుకెళ్ళి చంపమంటావా? రేపటి నుంచి నువ్వు వంట దగ్గర ఉండు."

"సరేనండి."

శిఖరానికి వెళ్ళేది ఆరుగురు. జాబితాలో అమలక్క పేరు కొట్టేశారు. నా పేరుంది.

నైలాను తాడు చలికి బిరుసెక్కి జారడం సహజం. ఇది శాస్త్రం. పైగా ఆవిడే తన ముడి అన్నట్టుగా చెప్పింది. పెద్దవాళ్ళు చెప్పినదాన్ని ఖండించడం మన సంప్రదాయం కాదు. పైగా కట్టుకున్నవాళ్ళు చూసుకోవాలి. పైగా తను వేళ్ళు కొంకర్లు పోయాయని చంకల్లో పెట్టుకుని నిలబడింది. పైగా

మే 22, పొద్దున

దోర్జే ఆ నడుం తాడు ఎక్కడని అడిగాడు. మంచులో పోయి ఉంటుందన్నాను. నా హిందీలో తప్పులేవీ దొర్లలేదు.

తాడు నా సంచిలో అడుగున, మేజోళ్ళ కింద ఉంది.

మే 22, సాయంత్రం

అమలక్కకి టీ తీసుకెళ్ళాను. గుడారం ముందు రాయి మీద కూర్చుని, ఒంటిచేత్తో ఆలుగడ్డలు తొక్క తీస్తోంది. మూడు రోజులుగా నాతో మాట్లాడలేదు.

"అక్కా, చెయ్యి ఎలా ఉంది?"

"వాచింది."

"నువ్వెందుకలా చెప్పావు ఆయనతో?"

"ఏం చెప్పాను? నడుం నాదే కదా. ఇంకొకళ్ళ చేత కట్టించుకోవడం నా బుద్ధి తక్కువ."

"మరి నా పేరు..."

"నేను చెప్పను. నువ్వు చెప్తావో లేదో చూస్తున్నా. ఏడేళ్ళ నుంచి ఎక్స్ఛేంజిలో కూర్చున్నదాన్నే తల్లీ, అవతలివాళ్ళు నోరు విప్పేదాకా లైను పట్టుకుని కూర్చోవడం నాకు అలవాటే."

టీ తీసుకుంది. నా మొహం చూడలేదు. ఆలుగడ్డ తొక్క ఒకటి నా బూటు మీద పడింది. కావాలనే పడేసిందనుకుంటాను.

చెప్తే ఏమవుతుంది? పేరు పోతుంది. శిఖరం పోతుంది. పేటలో అరుగరుగుకీ అంకమ్మరావు మామయ్య ఉంటాడు. చెప్పకపోతే ఏమవుతుంది? అమలక్క ఆలుగడ్డలు తొక్క తీస్తుంది, నేను పదిహేడు వేల ఆరువందల అడుగుల ఎత్తున ఫోటో దిగుతాను.

ఇంత సులువైన లెక్కకి నిద్ర పట్టకపోవడమేమిటి?

మే 23

చెప్పేశాను.

పొద్దున టిఫిన్ దగ్గర లీడరు గారు రేపటి పై క్యాంపు ఏర్పాట్లు చదువుతున్నారు. నేను లేచి, సంచిలోంచి తాడు తీసి, గిన్నెల మధ్యలో పడేశాను.

"అమలమ్మగారి ముడి నేను వేశానండి. చేతులు కొంకర్లు పోతుంటే ఇటు తిరుగక్కా అని నేనే వేశాను. మా ఇంటి ముడి వేశాను. కొసలు రెండంగుళాలు కూడా వదల్లేదు. తాడు దాచిందీ నేనే."

బసవపున్నయ్య గారి చేతిలో రొట్టె అక్కడే ఆగిపోయింది.

"మూడు రోజులు ఏం చేస్తున్నావు?" అన్నారు లీడరు గారు.

"కారణాలు వెతుక్కుంటున్నానండి."

"దొరికాయా?"

"చాలా దొరికాయండి. ఏదీ ఆగలేదు."

దోర్జేకి నేనే అనువదించాల్సి వచ్చింది. నా నేరం నేనే ఒప్పుకుని, దాన్ని నేనే హిందీలోకి మార్చడం! నిన్న మంచులో పోయిందన్నది కూడా అబద్ధమని కలిపాను. అతను తాడు నా చేతికిచ్చి, మళ్ళీ వేసి చూపించమన్నాడు. వేశాను. రెండు క్షణాలు పట్టింది. అతను వేలితో తడిమి, ముడి ఎక్కడుందో కాసేపు వెతుక్కున్నాడు. చాలా బాగుందన్నాడు. నిజంగానే అన్నాడు. తర్వాత రెండు చేతులతో గట్టిగా లాగాడు. సర్రున విడిపోయింది. ఇది గుడ్డకి వేసే ముడి, మనిషికి వేసేది కాదన్నాడు.

ఆ మాట తెలుగులోకి మార్చమని ఎవరూ అడగలేదు. అర్థమైపోయింది.

జాబితాలో నా పేరు కొట్టేశారు. దోర్జే అమలక్క చేయి అటూ ఇటూ తిప్పి, మంచు గొడ్డలి పట్టించి, పెద్ద తాడు లాగించి చూశాడు. పళ్ళు బిగబట్టి లాగింది. ఆవిడ పేరు రాశారు.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అమలక్క నా పక్కనుంచి పోతూ, "క్షమించేశాననుకోకు. ఇంకా నొప్పిగానే ఉంది," అంది.

"అనుకోవట్లేదక్కా."

"ఆ మిగిలిన ఆలుగడ్డలు నీవి."

మే 24

వాళ్ళు ఎల్లుండి వేకువన పై క్యాంపు నుంచి బయలుదేరతారు. పోయేముందు లీడరు గారు నన్ను పిలిచారు. ఒళ్ళో రిపోర్టు పుస్తకం ఉంది. గొంతు మెత్తగా ఉంది. మెత్తగా ఉంటే నాకు భయం.

"చూడమ్మా, నువ్వు నిజం చెప్పావు. అది చాలు. రిపోర్టులో నీకు ఎత్తు పడలేదని, అస్వస్థత అని రాస్తాను. మీ నాన్నగారికి కూడా అలాగే కార్డు ముక్క రాస్తున్నాను."

"నాకు జబ్బేం లేదండి."

"తెలుసు. కానీ సంఘం మొదటిసారి ఆడపిల్లల్ని తీసుకొచ్చింది. ముడి వేయడం రాక ప్రమాదం జరిగిందని రాస్తే, వచ్చే ఏడు ఒక్క ఆడపిల్లకీ అనుమతి ఇవ్వరు."

"జబ్బు పడిందని రాస్తే ఇస్తారా అండీ? ఆడవాళ్ళ ఒళ్ళు కొండలకి పనికిరాదంటారు. ముడి తప్పు వేసిందని రాస్తే ఒకతె తప్పు చేసిందంటారు. తప్పు దిద్దుకోవచ్చు. ఒళ్ళు ఎలా దిద్దుకుంటామండీ?"

ఆయన కలం మూత పెట్టి తీసి, పెట్టి తీశారు.

"మిలిటరీలో ఇలా ఎదురు మాట్లాడితే ఏం చేసేవాళ్ళమో తెలుసా?"

"తెలియదండి. మిలిటరీలో రిపోర్టులు నిజాలు రాసేవారా అండీ?"

"చూద్దాంలే," అన్నారు. పెద్దవాళ్ళు చూద్దాంలే అన్నదేదీ తర్వాత చూడరు. కార్డు మాత్రం అప్పుడే రాసి, కిందికి వెళ్ళే మనిషికి ఇచ్చేశారు.

బయలుదేరేటప్పుడు ఆరుగురూ వరసగా నిలబడి ఎవరి ముడి వాళ్ళు వేసుకున్నారు. అమలక్క వేసుకుని, నా వైపు తిరిగి, నడుం ముందుకు పెట్టింది.

"లాగి చూడు."

లాగాను. ఇంకోసారి. మూడోసారి.

"చాల్లే, కొండ అక్కడుంది, నన్నిక్కడే పడేస్తావా ఏంటి," అంది.

మే 26

పొద్దుటి నుంచి దుర్భిణి పట్టుకుని కూర్చున్నాను. మంచు మీద ఏడు నల్ల చుక్కలు, గైడుతో కలిపి. పదింటికి ఒక చుక్క ఆగిపోయింది, ఒకటి దానికి తోడుగా కూర్చుంది. బసవపున్నయ్య గారే అయ్యుంటారని ఆకారం బట్టి చెప్పాను. తర్వాత తెలిసింది, ఆయనే. లీడరు గారు తోడు.

పన్నెండుంబావుకి అయిదు చుక్కలు పైన ఆగాయి. వాటికన్నా పైన ఇంకేమీ లేదు.

ఏడవలేదు. దుర్భిణి చలికి చెమ్మగిల్లుతుంది. ఇది కూడా శాస్త్రమే, ఈసారి నిజమైనది.

మే 27

అమలక్క మధ్యాహ్నానికి దిగొచ్చింది. పెదాలు పగిలాయి. మొహం నల్లబడింది.

"ఎలా ఉందక్కా పైన?"

"గాలి. అంతే. ఒక జపం చెప్పుకున్నాను. నీ గురించి అనుకోలేదు."

"అనుకోమన్నానా?"

"దిగేటప్పుడు మాత్రం అనుకున్నాను. ముడి వంకే చూస్తూ దిగాను."

టీ ఇచ్చాను. తాగింది. ఈసారి ఎదురుగా కూర్చోమంది.

జూన్ 6. పామర్రు

సంధ్యవేళ సందు దారిన రావచ్చు. బస్సు దిగి, మిట్టమధ్యాహ్నం, పేట నడిబొడ్డు నుంచి నడిచి వచ్చాను.

"ఎక్కావా?" అన్నాడు అంకమ్మరావు మామయ్య.

"లేదు."

"మరి శపథం?"

"తప్పాను. ఇదుగో, కాలు ఇక్కడ పెట్టాను. కావాలంటే రెండోదీ పెడతాను."

ఆయన నవ్వలేదు. అయ్యో పాపం అన్నట్టు చూశాడు. ఎందుకో ఇంట్లోకి వెళ్ళాక తెలిసింది. లీడరు గారి కార్డు నాకంటే ముందొచ్చేసింది. అమ్మ దాన్ని ఇంటింటికీ చదివి వినిపించింది. పేటంతా నేను చావు తప్పి బయటపడ్డాననుకుంటోంది. వాకిట్లోనే దిష్టి తీసి, మిరియాల కషాయం తాగించింది. తాగాను. కాదని చెప్పడానికి నోరు తెరిచినప్పుడల్లా ఇంకో గుక్క పోసింది.

నిజం చెప్పాలంటే, హాయిగా కూడా ఉంది. జబ్బు మనిషిని ఎవరూ ఏమీ అడగరు.

జూన్ 8

నాన్నకి చెప్పాను. మగ్గం దగ్గర, అమ్మ నీళ్ళకెళ్ళినప్పుడు.

అంతా విని, "మన ముడి జారదే," అన్నాడు.

నాతో తెచ్చుకున్న నైలాను తాడు ముక్క ఇచ్చాను. నాన్న వేశాడు. మా నాన్న ముడి వేస్తుంటే చూడాలి. వేళ్ళు కదిలినట్టే ఉండదు. లాగాడు. విడిపోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ విడిపోయింది. తడి చేసి వేశాడు. కొసలు మెలిపెట్టి వేశాడు. యాభై ఏళ్ళ చెయ్యి. ఆరోసారి విడిపోయాక తాడు నా పక్కన పెట్టి, నాడె తీసుకున్నాడు. నాలుగు పేకలు నేశాక అన్నాడు:

"ఆదివారం బెజవాడలో సన్మానమన్నావు కదా. అక్కడ ఇదంతా చెప్పకు. జబ్బనే ఉండనీ."

"ఎందుకు నాన్నా?"

"పాండురంగయ్య ముడి జారిందంటారు అమ్మా. నా దగ్గర చీరలు కొనేవాళ్ళంతా వస్తారక్కడికి."

తాడు ముక్క తీసుకుని లేచాను.

జూన్ 11

చెప్పను.

జూన్ 12

ఎత్తు పడలేదు. అస్వస్థత. అస్వస్థత. రాయడానికి కూడా ఎంత పెద్దమనిషి మాట!

జూన్ 13. విజయవాడ

హాలు నిండింది. ఫ్యాన్లు నాలుగు, తిరిగేవి రెండు. పూలదండలు, శాలువాలు, ఉపన్యాసాలు. బస్సు ఆలస్యమై నాన్న, అంకమ్మరావు మామయ్య, పేటలో వాళ్ళు ఇంకో పదిమంది చివరి వరసలో సర్దుకున్నారు.

లీడరు గారు మైకులో రిపోర్టు చదివారు. అమలమ్మగారు శిఖరం చేరిన సంగతి చదివితే హాలు మోగిపోయింది. తర్వాత, "కుమారి బాలత్రిపురసుందరి, దురదృష్టవశాత్తు అస్వస్థత వల్ల కింది క్యాంపులో ఉండిపోయినా, ధైర్యంగా..." నాకు కూడా చప్పట్లు కొట్టారు. జాలి చప్పట్లు వేరేగా వినిపిస్తాయి, మెత్తగా. శాలువా కప్పారు. పట్టు కలిసిన నేత. అంచు దగ్గర ఎవరో పోగు అతికారు, ముడి కనపడలేదు, వేలికి తగిలింది.

దిగిపోవాలి. దిగలేదు. మైకు దగ్గరికెళ్ళాను. లీడరు గారు తల అడ్డంగా ఊపారు.

"నాకు జబ్బేం చేయలేదండి," అన్నాను.

మైకు రెండు చేతులతో పట్టుకున్నాను.

"అమలమ్మగారి నడుముకి ముడి నేను వేశాను. అది విడిపోయి ఆవిడ పడింది. మూడు రోజులు నేను నోరు విప్పలేదు. అందుకని నన్ను పైకి పంపలేదు. పంపకపోవడమే న్యాయం. ఆ ముడి మా నాన్న నేర్పింది. ఆ ముడిలో తప్పు లేదు. పోగుకి వేయాల్సింది తాడుకి వేశాను, ఆ తప్పు నాది. వచ్చే ఏడు మళ్ళీ ఫారం పెడతాను. తీసుకోకపోతే ఆ పై ఏడు పెడతాను."

ఇవన్నీ ధైర్యంగా అన్నానని రాసుకోవచ్చు, ఎవరు చూడొచ్చారు? కానీ సగం మాటలు నా గడ్డం కిందే ఉండిపోయాయి. నాన్న అన్న దగ్గర మాట నాకే వినపడలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చివరి వరసలో నాన్న లేచాడు. కండువా భుజాన వేసుకున్నాడు. వెళ్ళిపోతున్నాడనుకున్నాను.

వేదిక మీద నా వెనకనుంచి అమలక్క, మైకు అక్కర్లేని గొంతుతో:

"వెనక వరసకి వినపడలేదే త్రిపురా. మళ్ళీ చెప్పు."

నాన్న వెళ్ళలేదు. గుమ్మం వైపు తిరగనూ లేదు. నిలబడే ఉన్నాడు, చెవి ఇటు పెట్టి.

మళ్ళీ చెప్పాను. గట్టిగా, మొదటి నుంచి.